కేమాలక్ కాకపోతే వీమాలక్: కెర్నల్‌లో ఒక సహాయక ఫంక్షన్ పుట్టిన తీరు

[తెరపై: సీ భాషలో ఒక చిన్న కోడ్ ముక్క. ఒక్కో వరుస వెలుగుతూ ఉంటుంది.]

ఈ కోడ్‌లో మూడు పనులున్నాయి. ముందు కేమాలక్ అనే ఫంక్షన్‌ను మెమరీ అడుగుతుంది. అది లేదంటే అదే పని మరో రకంగా చేసే వీమాలక్‌ను అడుగుతుంది. అదీ లేదంటే పిలిచినవారికి లోపం సంకేతం పంపి ఆగిపోతుంది. చదవడానికి ఎంతో సబబుగా ఉంది కదా. 2017 వరకు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లో ఈ ముక్క ఎక్కడ పడితే అక్కడ కనిపించేది. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కు దీని సొంత రూపం ఉండేది. ఎఫ్2ఎఫ్ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌కు ఇంకొకటి. వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎంకు ఒకటి, భద్రతా మాడ్యూల్ యాప్‌ఆర్మర్‌కు ఒకటి, మెల్లనాక్స్ నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్‌కు మరొకటి. వాటిలో చాలావరకు ఒకే తప్పు దాగి ఉంది. ఆ తప్పు ఏమిటో, దాన్ని సరిదిద్దడానికి కేవీమాలక్ అనే సహాయక ఫంక్షన్ ఎలా వచ్చిందో ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా, మెమరీ ఇవ్వడానికి రెండు ఫంక్షన్లు ఎందుకు?

[తెరపై: చిన్న చిన్న గడులుగా విడిపోయిన పొడవైన పట్టీ. కొన్ని గడులు నిండుగా, కొన్ని ఖాళీగా.]

కెర్నల్ దృష్టిలో ర్యామ్ అంటే పేజీల వరుస. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లున్న మామూలు కంప్యూటర్‌లో ఒక్కో పేజీ 4096 బైట్లు. కేమాలక్‌ను 16 కిలోబైట్లు అడిగితే అది ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న 4 పేజీలు వెతికి ఇస్తుంది. నిజమైన ర్యామ్‌లో అవి పక్కపక్కనే ఉండాలి. వీమాలక్‌కు ఆ పట్టింపు లేదు. ఎక్కడెక్కడో ఉన్న 4 పేజీలను తెచ్చి, ఏ చిరునామా ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పేజీ టేబుల్‌లో వాటిని వరుసగా రాసి, ప్రోగ్రామ్ కంటికి ఒకే ముక్కలా కనిపించేలా చేస్తుంది.

మన ఊళ్లలో భూమి సంగతి తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పది ఎకరాలు ఒకే కమతంగా దొరకడం వేరు. ఊరి నాలుగు దిక్కులా అరెకరం, ఎకరం చొప్పున ఉన్న చెక్కలు ఒకే పాసుపుస్తకంలోకి ఎక్కడం వేరు. పుస్తకంలో చూస్తే రెండూ పది ఎకరాలే. నాగలి పట్టుకుని దిగినప్పుడే తేడా తెలుస్తుంది. వీమాలక్ ఇచ్చేది పాసుపుస్తకంలోని పది ఎకరాలు.

[తెరపై: టెర్మినల్. బడ్డీఇన్ఫో ఫైల్‌ను తెరిచిన దృశ్యం.]

మీ లైనక్స్ కంప్యూటర్‌లోనే దీన్ని చూడవచ్చు. ప్రాక్ డైరెక్టరీలో బడ్డీఇన్ఫో అనే ఫైల్‌ను తెరవండి. మెమరీలోని ప్రతి జోన్‌కు, అంటే ప్రతి భాగానికి, ఒక వరుస, అందులో మామూలుగా 11 అంకెలు ఉంటాయి. మొదటి అంకె ఒంటరి పేజీలు ఎన్ని ఖాళీగా ఉన్నాయో చెబుతుంది. రెండోది 2 పేజీల ముక్కలు, మూడోది 4 పేజీల ముక్కలు. ఇలా రెట్టింపవుతూ పదకొండోది 1024 పేజీల ముక్కలు, అంటే 4 మెగాబైట్లవి, ఎన్ని ఉన్నాయో చెబుతుంది. చాలా రోజులుగా ఆపకుండా పనిచేస్తున్న సర్వర్‌లో ఈ ఫైల్ చూస్తే తరచుగా ఎడమవైపు పెద్ద అంకెలు, కుడివైపుకు పోయేకొద్దీ చిన్న అంకెలు, కొన్నిసార్లు చివర సున్నాలు కనిపిస్తాయి. మొత్తంగా ఖాళీ మెమరీ గిగాబైట్లలో ఉన్నా, ఒకే ముక్కగా 4 మెగాబైట్లు దొరకని స్థితి అది.

అలాంటప్పుడు అన్నిటికీ వీమాలక్ వాడేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. పేజీ టేబుల్‌ను సవరించాలి, అందుకు సమయం పడుతుంది. ప్రాసెసర్ చిరునామాలను గుర్తుపెట్టుకునే చిన్న నిల్వ, టీఎల్‌బీ, దానిమీద భారం పెరుగుతుంది. 32 బిట్ల యంత్రాల్లో వీమాలక్‌కు కేటాయించిన చిరునామాల ప్రదేశమే చాలా ఇరుకు. అందుకే ముందు కేమాలక్, కుదరకపోతే వీమాలక్ అనే ఆలోచన తప్పు కాదు. తప్పంతా దాన్ని రాసిన తీరులో ఉంది.

[తెరపై: మొదట చూపిన కోడ్ మళ్లీ వస్తుంది. మొదటి వరుసలోని ఫ్లాగ్ మాత్రమే ఎర్రగా.]

ఈ మొదటి వరుసను దగ్గరగా చూడండి. కేమాలక్‌కు పరిమాణంతో పాటు ఒక ఫ్లాగ్, అంటే ఎలా ప్రయత్నించాలో చెప్పే గుర్తు, ఇస్తాం. జీఎఫ్‌పీ కెర్నల్ అనేది అందరూ వాడే మామూలు ఫ్లాగ్. దాని అర్థం, అవసరమైతే నిద్రపోవచ్చు, డిస్కుకు రాయవచ్చు, ఎలాగైనా నాకు మెమరీ తెచ్చిపెట్టు అని.

ఆ ఎలాగైనా అన్న మాటలోనే చిక్కంతా ఉంది. లైనక్స్‌లో 8 పేజీల దాకా, అంటే 32 కిలోబైట్ల దాకా, ఉన్న కోరికలను చిన్నవిగానే లెక్కిస్తారు. ఈ హద్దుకు కెర్నల్ కోడ్‌లో ఒక పేరు కూడా ఉంది, పేజ్ అలాక్ కాస్ట్‌లీ ఆర్డర్. దాని విలువ 3. రెండును మూడుసార్లు గుణిస్తే 8 పేజీలు. ఈ హద్దు లోపల మామూలు ఫ్లాగ్‌తో అడిగితే కెర్నల్ దాదాపు ఎప్పటికీ లేదు అనదు. క్యాష్‌లను, అంటే తాత్కాలికంగా దాచిన డేటాను, ఖాళీ చేస్తుంది. పేజీలను అటూ ఇటూ జరిపి ఒకచోట చేరుస్తుంది. మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏదీ కుదరకపోతే ఓఓఎం కిల్లర్‌ను పిలుస్తుంది. అది నడుస్తున్న ప్రోగ్రామ్‌లలో ఒకదాన్ని ఎంచుకుని చంపేస్తుంది. అది మీ డేటాబేస్ కావచ్చు, బ్రౌజర్ కావచ్చు.

ఇప్పుడు రెండో వరుస చూడండి. కేమాలక్ లేదంటేనే వీమాలక్. కానీ 16 కిలోబైట్లు అడిగినప్పుడు కేమాలక్ లేదు అనదు కదా! పక్కపక్కనే ఉన్న 4 పేజీల కోసం ఒక ప్రోగ్రామ్‌ను బలి ఇవ్వడానికైనా సిద్ధపడుతుంది. విడివిడిగా 4 పేజీలు ఖాళీగా పడి ఉన్నా సరే. రెండో వరుస ఉంది, కంపైల్ అవుతుంది, చదివినవారికి ధైర్యం ఇస్తుంది. అవసరమైన వేళకు మాత్రం దాని దాకా ఎవరూ రారు.

32 కిలోబైట్లు దాటితే పరిస్థితి వేరు. అక్కడ కెర్నల్ ఓఓఎం కిల్లర్‌ను పిలవదు, కొంత పెనుగులాడి ఓటమి ఒప్పుకుంటుంది. అయితే పోతూపోతూ లాగ్‌లో ఒక పెద్ద హెచ్చరిక రాసిపోతుంది. ఆ తర్వాత వీమాలక్ పని పూర్తి చేస్తుంది. అంతా సవ్యంగానే జరిగింది, లాగ్ చదివిన నిర్వాహకుడికి మాత్రం సర్వర్‌కు ఏదో అయిందన్న భయం మిగులుతుంది.

ఈ రెండు చిక్కులూ తెలిసినవారు తమ సొంత ఫంక్షన్లలో సరైన ఫ్లాగ్‌లు పెట్టారు. తెలియనివారు పెట్టలేదు. డ్రైవర్ రాసే ఇంజనీరుకు మెమరీ కేటాయింపు లోతులన్నీ తెలిసి ఉండాలని ఆశించడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ తెలివిడి ఉండవలసిన చోటు మెమరీ నిర్వహణ కోడ్.

[తెరపై: కాలరేఖ. 2014 దగ్గర ఒక గుర్తు, 2017 దగ్గర మరొకటి.]

ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, మెమరీని తిరిగి ఇచ్చే ఫంక్షన్ ముందు వచ్చింది, తీసుకునే ఫంక్షన్ తర్వాత వచ్చింది. 2014లో ఫైల్ సిస్టమ్‌ల పొర నిర్వాహకుడు అల్ వీరో యాప్‌ఆర్మర్ దగ్గరున్న కేవీఫ్రీని తీసుకొచ్చి అందరికీ ఉమ్మడిగా పెట్టారు. చాలా చోట్ల ఇదే కోడ్‌ను విడిగా రాసుకుంటున్నారన్నది ఆయన చెప్పిన కారణం. కేవీఫ్రీ లోపల ఉన్నది ఒకే ప్రశ్న. ఈ చిరునామా వీమాలక్ ప్రదేశంలో ఉందా? ఉంటే వీఫ్రీ, లేకపోతే కేఫ్రీ. వీమాలక్ చిరునామాలకు మొదలు, చివర నిర్ణయమై ఉంటాయి కాబట్టి ఆ రెండు హద్దులతో పోల్చి చూస్తే చాలు. మెమరీ ఏ దారిలో వచ్చిందో పిలిచినవారు ఎక్కడా రాసిపెట్టుకోనక్కరలేదు.

తీసుకునే వైపు ఉమ్మడి ఫంక్షన్ రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. 2017లో మెమరీ నిర్వహణ కోడ్‌పై పనిచేసే మిషల్ హోట్స్కో కేవీమాలక్‌ను ప్రతిపాదించారు. అది 4.12 వెర్షన్‌లో కెర్నల్‌లోకి వచ్చింది. ఆయన తన ప్యాచ్‌కు, అంటే కోడ్‌లో చేసిన మార్పుకు, రాసిన వివరణ సారాంశం ఇది: కేమాలక్ తర్వాత వీమాలక్ అన్నది కెర్నల్‌లో అందరూ వాడే పద్ధతి, ఉమ్మడి ఫంక్షన్ లేక ఎవరికి వారు రాసుకున్నారు, ఒకటి పెడదాం, అది సరిగ్గా పనిచేసేలా చూద్దాం.

[తెరపై: ఎంఎం డైరెక్టరీలోని యుటిల్ ఫైల్. కేవీమాలక్ నోడ్ ఫంక్షన్ పూర్తిగా కనిపిస్తుంది.]

ఇదీ 4.12లో వచ్చినప్పటి ఆ ఫంక్షన్. వ్యాఖ్యలు తీసేస్తే ఒక తెరలో సరిపోతుంది. మొదటి పని, పిలిచినవారు ఇచ్చిన ఫ్లాగ్‌లకు ఒక నకలు తీసుకోవడం. కేమాలక్‌కు ఇచ్చే ఫ్లాగ్‌లు, వీమాలక్‌కు ఇచ్చే ఫ్లాగ్‌లు ఒకటి కాకూడదు. పాత కోడ్‌లో చాలామంది పట్టించుకోనిది ఇదే.

రెండోది, అడిగిన పరిమాణం ఒక పేజీని మించితే నకలు ఫ్లాగ్‌లకు రెండు చేరుతాయి. నోవార్న్, అంటే దొరకకపోయినా లాగ్‌లో హెచ్చరిక రాయవద్దు. నోరీట్రై, అంటే తేలికగా ప్రయత్నించు, కుదరకపోతే పట్టుపట్టకు, ఓఓఎం కిల్లర్ జోలికి పోవద్దు. ఇంతకుముందు చెప్పిన రెండు చిక్కులకూ మందు ఈ రెండు ఫ్లాగ్‌లే.

పక్కపక్కనే ఉన్న పేజీలు నిజంగా ముఖ్యమైనవారికి కూడా ఇందులో చోటుంది. వర్చువల్ మెషీన్లకు నెట్‌వర్క్ పనులు చేసే వీహోస్ట్ నెట్ వేగం కోసం కేమాలక్ మెమరీనే కోరుకుంటుంది. అలాంటివారు గట్టిగా ప్రయత్నించమని చెప్పే ఇంకో ఫ్లాగ్‌ను తామే ఇవ్వవచ్చు. అప్పట్లో దాని పేరు రిపీట్. ఆ తర్వాతి వెర్షన్‌లో రీట్రై మేఫెయిల్ అని మార్చారు. అయితే 4.12లో ఆ మాట చెల్లేది 32 కిలోబైట్లు దాటిన కోరికలకే.

మూడో పని, కేమాలక్‌ను పిలవడం. దొరికితే సరే. దొరకకపోయినా, అడిగింది ఒక పేజీ లోపే అయితే అక్కడే వెనక్కి తిరగాలి. కేమాలక్‌కు ఒక్క పేజీ కూడా దొరకలేదంటే వీమాలక్‌కు మాత్రం ఎక్కడి నుంచి దొరుకుతుంది? అదీ కాక 100 బైట్ల కోసం వీమాలక్‌కు వెళ్తే మొత్తం పేజీ ఖర్చవుతుంది. ఈ ఒక్క షరతు చాలా సొంత ఫంక్షన్లలో లేదు. చివరగా, పిలిచినవారు మొదట ఇచ్చిన అసలు ఫ్లాగ్‌లతో వీమాలక్.

కానీ ఈ ఫంక్షన్ మొదట్లోనే ఒక కాపలా వరుస ఉండేది. వచ్చిన ఫ్లాగ్‌లలో జీఎఫ్‌పీ కెర్నల్ పూర్తిగా లేకపోతే అది హెచ్చరించేది. ఎందుకో చెప్పడానికి కాస్త సమయం తీసుకుంటాను. కెర్నల్ మెమరీ గురించి తెలుసుకోవలసిన విషయాల్లో ఇది చాలా ముఖ్యమైనది.

[తెరపై: వలయంగా బాణాలు. ఫైల్ సిస్టమ్ నుంచి మెమరీకి, మెమరీ నుంచి మళ్లీ ఫైల్ సిస్టమ్‌కు.]

ఒక ఫైల్ సిస్టమ్ తన లాక్, అంటే ఒకసారికి ఒకరే పనిచేసేలా చూసే తాళం, పట్టుకుని ఉన్నప్పుడు మెమరీ అడిగిందనుకుందాం. మెమరీ తక్కువగా ఉంది. కెర్నల్ పాత పేజీలను రాబట్టాలని చూస్తుంది, అందుకోసం వాటిని డిస్కుకు రాయమని అదే ఫైల్ సిస్టమ్‌ను పిలుస్తుంది. ఫైల్ సిస్టమ్ ఆ పని చేయాలంటే లాక్ కావాలి. లాక్ ముందే తన చేతిలో ఉంది. ఇక ఎవరూ కదలరు. దీన్ని తప్పించడానికి ఫైల్ సిస్టమ్‌లు జీఎఫ్‌పీ నోఎఫ్ఎస్ అనే ఫ్లాగ్ ఇస్తాయి, అంటే మెమరీ తీసుకురా, కానీ మళ్లీ నా దగ్గరికి రావద్దు అని.

ఇబ్బంది ఎక్కడంటే, వీమాలక్ తన లోపలి పేజీ టేబుళ్ల కోసం మెమరీ తీసుకునేటప్పుడు మీరిచ్చిన ఫ్లాగ్‌ను చూసేది కాదు. ఎప్పుడూ జీఎఫ్‌పీ కెర్నల్‌నే వాడేది. మీరు వద్దన్నా వలయం ఏర్పడే అవకాశం ఉండేది. అందుకే హోట్స్కో ఈఎక్స్‌టీ4 సొంత ఫంక్షన్‌ను ముట్టుకోలేదు. దాన్ని కేవీమాలక్‌తో మార్చడం కుదరదని, అసలు అది అప్పటికే సరైన స్థితిలో లేదని వివరణలోనే రాశారు. ఆ నిగ్రహం నాకు చాలా నచ్చింది. ఉమ్మడి ఫంక్షన్ వచ్చింది కదా అని అన్నిటినీ దానిలోకి తోసేయలేదు. సరిపడని చోటు ఏదో, ఎందుకు సరిపడదో రాసిపెట్టారు.

అదే 4.12లో ఆయన ఇంకో మార్గమూ తెచ్చారు. మెమాలక్ నోఎఫ్ఎస్ సేవ్, రిస్టోర్ అనే జంట. ఈ రెండింటి మధ్య నడిచే కోడ్ మొత్తానికి నోఎఫ్ఎస్ వర్తిస్తుంది, పేజీ టేబుళ్లకు కూడా. 2022లో వచ్చిన 5.17 నుంచి వీమాలక్ కూడా ఆ ఫ్లాగ్‌ను నేరుగా గౌరవిస్తోంది. కేవీమాలక్‌లోని కాపలా వరుస అప్పుడు సడలింది.

[తెరపై: గుణకారం. 107,37,41,825 × 4.]

కేవీమాలక్‌తో పాటు దాని బంధువర్గం కూడా వచ్చింది. కేవీజాలక్ ఇచ్చే మెమరీ సున్నాలతో నిండి ఉంటుంది. పాత డేటా ప్రోగ్రామ్‌ల చేతికి పొరపాటున చిక్కకుండా ఉండాలంటే ఇది కావాలి. కేవీమాలక్ అర్రే సంఖ్యను, ఒక్కోదాని పరిమాణాన్ని విడివిడిగా తీసుకుంటుంది. తెరపై ఉన్న గుణకారం చూడండి. 32 బిట్ల యంత్రంలో దీని ఫలితం 4. అంకె హద్దు దాటి చుట్టూ తిరిగి వచ్చేస్తుంది. వంద కోట్లకు పైగా మూలకాలు రాయబోయేవారికి 4 బైట్లు దక్కుతాయి. గుణకారాన్ని ఫంక్షన్‌కే వదిలేస్తే అది హద్దు దాటిందో లేదో చూసి, దాటితే లేదు అంటుంది.

[తెరపై: 2021 జూలై. మౌంట్‌ఇన్ఫో ఫైల్ పేరు.]

పరిమాణం మాట వచ్చింది కాబట్టి 2021 సంగతి చెప్పాలి. ఆ ఏడాది జూలైలో క్వాలిస్ అనే భద్రతా సంస్థ సెకోయా అనే లోపాన్ని బయటపెట్టింది. ప్రాక్‌లోని ఫైళ్లను చదివి ఇచ్చే సీక్యూ ఫైల్ కోడ్‌లో అది ఉంది. ఒక మామూలు వినియోగదారుడు మొత్తం పేరు పొడవు 1 గిగాబైట్ దాటేలా డైరెక్టరీలో డైరెక్టరీ పెట్టుకుంటూ పోయి, దాన్ని మౌంట్ చేసి, తొలగించి, మౌంట్‌ల జాబితా ఉండే మౌంట్‌ఇన్ఫోను చదివితే చాలు. ఆ పేరు పట్టేంత వరకు బఫర్, అంటే దాన్ని ఉంచే మెమరీ ముక్క, రెట్టింపవుతూ 2 గిగాబైట్లకు చేరుతుంది. ఆ పరిమాణాన్ని 32 బిట్ల సంఖ్యగా తీసుకునే ఫంక్షన్‌కు అందించేసరికి అది రుణసంఖ్య అయిపోతుంది. ఫలితంగా బఫర్‌కు 2 గిగాబైట్లకు పైగా కింద ఎక్కడో 10 బైట్లు రాయబడతాయి. ఆ 10 బైట్లతో రూట్ అధికారం, అంటే యంత్రంపై పూర్తి పెత్తనం, సంపాదించవచ్చని క్వాలిస్ చేసి చూపించింది.

ఈ లోపం వయసు ఎంతో తెలుసా? 2014లో సీక్యూ ఫైల్‌కు వీమాలక్ దారి తెరిచిన రోజు నుంచి. అంతకుముందు కేమాలక్ ఒక్కటే ఉండేది. కొన్ని మెగాబైట్ల దగ్గరే అది చేతులెత్తేసేది కాబట్టి బఫర్ 2 గిగాబైట్లకు చేరే ప్రసక్తే లేదు. కేమాలక్ చేతకానితనమే ఎవరూ గుర్తించని కంచెలా పనిచేసింది. ప్రత్యామ్నాయం చేర్చినప్పుడు ఆ కంచె తొలగింది. పాత హద్దు ఇంకెవరిని కాపాడుతోందో చూడకుండా దాన్ని ఎత్తేయడం ఎంత ప్రమాదమో దీన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

సీక్యూ ఫైల్‌లో లోపాన్ని వెంటనే సరిచేశారు. ఆ తర్వాత సెప్టెంబరులో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కేవీమాలక్‌లోనే ఒక హద్దు పెట్టారు. 214,74,83,647 బైట్లను మించి అడిగితే హెచ్చరించి, లేదు అనాలి. 5.15 వెర్షన్‌లో అది వచ్చింది. ఇదే పని 2016లో చేయవలసి వచ్చి ఉంటే ఎన్ని సొంత ఫంక్షన్లు వెతికి పట్టుకుని మార్చవలసి వచ్చేదో ఊహించండి. ఇక్కడ ఒకే చోట రెండు వరుసలు చేర్చితే అందరికీ వర్తించింది.

[తెరపై: ప్యాచ్‌ల వరుస. ఒకటో ప్యాచ్, రెండో ప్యాచ్ అంటూ.]

ఇలాంటి ఫంక్షన్‌ను చేర్చాలనుకుంటే ప్యాచ్‌లు పేర్చే పద్ధతి ఒకటుంది. మొదటి ప్యాచ్‌లో ఫంక్షన్, దాని మీద వివరణ వ్యాఖ్య, హెడర్ ఫైల్‌లో ప్రకటన, దానితో పాటు దాన్ని నిజంగా వాడే కొన్ని చోట్లు. వాడేవారు ఎవరూ లేని ఫంక్షన్‌ను కెర్నల్ నిర్వాహకులు తీసుకోరు. మిగతా మార్పులు వేరే ప్యాచ్‌లలో రావాలి. రేపు ఎక్కడైనా ఏదైనా చెడితే బైసెక్ట్ చేసి ఏ ప్యాచ్ వల్ల చెడిందో వెతకడం అప్పుడే కుదురుతుంది. వివరణ వ్యాఖ్యలో ఏం చేస్తుందో రాయడం కన్నా, ఎక్కడ వాడకూడదో రాయడం ఎక్కువ మేలు చేస్తుంది. కేవీమాలక్ విషయంలో అలాంటివి ప్రధానంగా రెండు. నిద్రపోకూడని చోట, అంటే స్పిన్‌లాక్ పట్టుకుని ఉన్నప్పుడో ఇంటరప్ట్ లోపలో, దీన్ని పిలవకూడదు. డీఎంఏ కోసం, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరమే చదివి రాసుకునేందుకు, నేరుగా ఇచ్చే బఫర్‌కు వాడకూడదు. పరికరం పక్కపక్కనే ఉన్న ర్యామ్‌ను ఆశిస్తుంది, ఇక్కడ ఆ హామీ లేదు.

[తెరపై: టెర్మినల్. కెర్నల్ సోర్స్ డైరెక్టరీలో కాక్సీచెక్ నడుస్తోంది.]

మీరు చేయి పెట్టి చూడాలనుకుంటే, కెర్నల్ సోర్స్‌లోని స్క్రిప్ట్స్ డైరెక్టరీలో కోడ్‌లో నమూనాలను వెతికే కాక్సినెల్ అనే ఉపకరణం కోసం రాసిన నియమాలున్నాయి. ఏపీఐ అనే విభాగంలో కేవీమాలక్ పేరుతో ఒకటి, కేఫ్రీ మిస్‌మ్యాచ్ పేరుతో ఒకటి. మొదటిది ఈ వీడియో మొదట్లో చూపిన పాత పద్ధతి కోడ్ ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే పట్టి చూపిస్తుంది. రెండోది కేవీమాలక్‌తో తీసుకుని కేఫ్రీతో వదిలిన చోట్లను పట్టిస్తుంది. అక్కడ మెమరీ కేమాలక్ దారిలో వచ్చినన్నాళ్లూ ఏమీ తెలియదు, వీమాలక్ దారిలో వచ్చిన రోజే కెర్నల్ కుప్పకూలుతుంది. ఆ నియమాలను అమలు చేసే కాక్సీచెక్‌ను రిపోర్ట్ పద్ధతిలో నడిపి, అది చూపిన ప్రతి చోటునూ తెరిచి చదవండి. ఆ కోడ్ నిద్రపోవచ్చా, ఆ బఫర్ పరికరానికి వెళ్తోందా, ఏ లాక్ చేతిలో ఉంది, పరిమాణం ఎవరి నుంచి వస్తోంది, దానికి హద్దు ఉందా. వీటన్నిటికీ మీ దగ్గర జవాబు ఉన్నప్పుడే ఆ చోటికి ప్యాచ్ రాయండి. ఆ జవాబులనే ప్యాచ్ వివరణలో పెట్టండి, పరిశీలించేవారు మొదట అడిగేవి అవే.